వైర్‌లెస్ లేకుండా వచ్చిన రగ్గడ్ ల్యాప్‌టాప్‌లో కార్డు, యాంటెన్నాలు లోపలే అమర్చుకోవడం ఎలా?

కాలువగట్టు, గుంటూరు

అందరికీ నమస్కారం. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ గట్ల ఎత్తులు, పొలాల హద్దులు కొలిచే పనిలో ఉన్నాను. దుగ్గిరాల, తెనాలి, కొల్లూరు వైపు ఎక్కువగా తిరుగుతూ ఉంటాం. ఎండకు, దుమ్ముకు, ఉన్నట్టుండి కురిసే వానకు, బండి మీద కుదుపులకు తట్టుకుంటుందనే ఉద్దేశంతో ఎవరో వాడిన రగ్గడ్ ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. మెగ్నీషియం మిశ్రమ లోహపు పెట్టె, 13 అంగుళాల టచ్‌స్క్రీన్, మూడో తరం ఇంటెల్ కోర్ ఐ5 ప్రాసెసర్ ఉన్నాయి. అడుగున ఉన్న చీటీ ఫొటోను, లోపలి బోర్డు ఫొటోలను జతచేశాను.

యంత్రం చక్కగా పనిచేస్తోంది. అయితే దీన్ని మొదట కొన్న సంస్థ భద్రత కోసం వైర్‌లెస్ లేకుండానే తయారు చేయించుకున్నట్టుంది. బోర్డు మీద వైర్‌లెస్ కార్డు పెట్టే మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంది గానీ అందులో కార్డు లేదు. తెరలో ఉండవలసిన యాంటెన్నాలు గానీ, అక్కడి నుంచి స్లాట్ వరకు రావలసిన సన్నని వైర్లు గానీ కనిపించలేదు.

నా అవసరం ఇది. పొలంలో పెట్టిన జీఎన్ఎస్ఎస్ రిసీవరు (ఉపగ్రహాల సంకేతాలతో స్థానాన్ని కొలిచే పరికరం) బ్లూటూత్ ద్వారా ల్యాప్‌టాప్‌కు కొలతలు పంపాలి. అదే సమయంలో, సర్వే ఆఫ్ ఇండియా వారి కార్స్ (సీఓఆర్ఎస్, ఉపగ్రహ కొలతల్లోని తేడాలను సరిదిద్దే స్థిర కేంద్రాలు) నుంచి ఇంటర్నెట్ మీద వచ్చే సవరణలను అందుకోవడానికి ల్యాప్‌టాప్ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిసి ఉండాలి. ప్రస్తుతానికి యూఎస్‌బీ డాంగిల్‌తో నెట్టుకొస్తున్నాను. కానీ డాంగిల్ పెట్టాలంటే ఆ పోర్టు మీది రబ్బరు మూత తెరిచి ఉంచాలి. అలా తెరిచి ఉంచితే నీరు, దుమ్ము చొరబడకుండా ఈ యంత్రానికి ఉన్న రక్షణంతా అక్కడే పోతుంది కదా.

అందువల్ల కార్డును, యాంటెన్నాలను లోపలే అమర్చాలని అనుకుంటున్నాను. ఈ స్లాట్‌కు ఏ కార్డు సరిపోతుంది, లోహపు పెట్టెలో యాంటెన్నాలను ఎక్కడ పెట్టాలి, పెట్టెను విప్పి మళ్లీ బిగించిన తరువాత నీటి రక్షణ చెడకుండా ఏం చేయాలి అనే విషయాల్లో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

గాలితీగ, విజయవాడ

కాలువగట్టు గారికి నమస్కారం. మీరు కార్డు గురించి ముందు అడిగారు గానీ, నేను యాంటెన్నాల గురించి ముందు చెబుతాను. కార్డు ఎంత మంచిదైనా యాంటెన్నా సరైన చోట లేకపోతే మీ ఫోన్‌ను ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుని పనిచేయవలసి వస్తుంది. లోహపు పెట్టె ఉన్న యంత్రంలో పని బాగుండడం, బాగుండకపోవడం నూటికి తొంభై పాళ్లు యాంటెన్నా మీదే ఆధారపడి ఉంటుంది.

రేడియో తరంగాలు మెగ్నీషియం పెట్టెను దాటి వెళ్లలేవు. మామూలు ప్లాస్టిక్ ల్యాప్‌టాప్‌లో యాంటెన్నాను ఎక్కడ అంటించినా ఎంతో కొంత సిగ్నల్ వస్తుంది. మీ యంత్రంలో ఆ అవకాశం లేదు. అందుకే ఇలాంటి వాటిని తయారుచేసేవారు తెర చట్రంలో కొంత మేర లోహం లేకుండా వదిలి, అక్కడ ప్లాస్టిక్ ముక్కను బిగించి, దాని వెనుక యాంటెన్నాను ఉంచుతారు. వైర్‌లెస్ లేకుండా అమ్మే యంత్రానికి వేరే అచ్చు పోయడం దండగ కాబట్టి చాలావరకు ఆ ప్లాస్టిక్ కిటికీలు వాటిలోనూ ఉంటాయి. మీ మూడో ఫొటోలో తెర పైఅంచున రెండు మూలలా రంగు కాస్త తేడాగా కనిపిస్తున్న నల్లని ముక్కలు అవేనని నా అభిప్రాయం. చిన్న అయస్కాంతంతో పరీక్షించాలని మాత్రం చూడకండి, మెగ్నీషియం అయస్కాంతానికి అంటుకోదు. మల్టీమీటరును కంటిన్యుటీలో పెట్టి, లోపలి వైపు రంగు లేని చోట రెండు ముళ్లూ తాకించి చూడండి. కరెంటు పారితే లోహం, పారకపోతే ప్లాస్టిక్.

ఇక యాంటెన్నా పరిమాణం గురించి. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 3 సెంటీమీటర్ల పైచిలుకు. 5 గిగాహెర్ట్జ్ దగ్గర పూర్తి తరంగదైర్ఘ్యమే 5 నుంచి 6 సెంటీమీటర్లు. ల్యాప్‌టాప్ యాంటెన్నాలు వేలెడంత ఉండడానికి కారణం ఇదే. కొనేటప్పుడు ఈ రెండు బ్యాండ్లకూ (తరంగ శ్రేణులకూ) పనికివచ్చేది అడిగి తీసుకోండి. కార్డుకు రెండు యాంటెన్నాలు కావాలి. ఆ రెంటి మధ్య కనీసం అర తరంగదైర్ఘ్యం, అంటే 6 సెంటీమీటర్లకు తక్కువ కాని దూరం ఉండాలి. ఎడమ మూలన ఒకటి, కుడి మూలన ఒకటి పెడితే ఆ షరతు దానంతట అదే తీరిపోతుంది.

బజారులో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పలుచని ఫిల్మ్ మీద ముద్రించి వెనుక జిగురు పూసినది. దీన్ని ప్లాస్టిక్ మీదే అంటించాలి. వెనుక గానీ మరీ దగ్గరలో గానీ లోహం ఉంటే, చేయి ఆనించి మీటిన వీణ తీగలాగా దాని శ్రుతి మారిపోతుంది, 2.4 దగ్గర పలకవలసినది మరెక్కడో పలుకుతుంది. రెండోది ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన రకం. చిన్న లోహపు ముక్కకు పలుచని రేకు తోక ఉంటుంది. ఆ తోక తెర వెనుకనున్న లోహానికి ఆని ఉంటేనే అది సరిగా పనిచేస్తుంది. తోక అడ్డంగా ఉందని కత్తిరించేవారిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి. మీ తెర అంచున చోటు ఇరుకుగా ఉంది కాబట్టి ఈ రెండో రకమే మీకు అనువైనదని నాకు అనిపిస్తోంది.

వైరు సాధారణంగా 1.13 మిల్లీమీటర్ల మందం ఉండే కోయాక్సియల్ కేబుల్. ఇంత సన్నని వైరులో సిగ్నల్ నష్టం ఎక్కువ, 5 గిగాహెర్ట్జ్ దగ్గర మరీ ఎక్కువ. తెర మూల నుంచి హింజ్ (తెర మడిచే కీలు) మీదుగా స్లాట్ వరకు దారం పరిచి ముందే కొలుచుకుని, దానికి నాలుగైదు సెంటీమీటర్లు మాత్రమే అదనంగా ఉన్న వైరు కొనండి. పొట్టి వైర్లను మధ్యలో అతికి పొడుగు చేసుకోవద్దు. దారిలో తెరకు వెళ్లే డిస్‌ప్లే కేబుల్ పక్కనే చాలా దూరం నడిపించవద్దు. దాని నుంచి వచ్చే రేడియో రొద రిసీవరుకు అడ్డు తగులుతుంది.

పొలంపని, తాడేపల్లి

ఇంత పాత యంత్రాన్ని విప్పి అంత శ్రమ పడవలసిన అవసరం ఉందా అని నా సందేహం. గోరంత మాత్రమే బయటికి కనిపించే డాంగిల్స్ దొరుకుతున్నాయి. లేదా ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి సిమ్ వేసుకునే మోడెమ్ కార్డునే లోపల అమర్చుకుంటే ఫోన్ హాట్‌స్పాట్ కూడా అక్కరలేదు కదా. లంక గ్రామాల్లో ఫోన్ బ్యాటరీ త్వరగా అయిపోవడం మా అందరికీ ఉన్న ఇబ్బందే.

గాలితీగ, విజయవాడ

డాంగిల్ ఎంత చిన్నదైనా మూత మూసుకోదు కాబట్టి వారి అసలు ఇబ్బంది తీరదు. పైగా పక్కనే యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్‌డిస్కు పెడితే దాని నుంచి వచ్చే రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పడుతుంది. ఈ విషయం మీద ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. డాంగిల్ యాంటెన్నా ఆ పోర్టుకు అంగుళం దూరంలో ఉంటుంది, తెర పైఅంచున ఉన్న యాంటెన్నాకు ఆ బాధ చాలా తక్కువ.

సిమ్ మోడెమ్ ఆలోచన మంచిదే, అయితే రెండు విషయాలు చూసుకోవాలి. అమెరికా నుంచి వచ్చిన పాత కార్డులు ఇక్కడి బ్యాండ్లన్నిటినీ అందుకోవు. ఉదాహరణకు సియెర్రా వైర్‌లెస్ ఎంసీ7455లో బ్యాండ్ 40 లేదు. ఆసియా కోసం చేసిన ఎంసీ7430లో 3, 5, 8, 40 బ్యాండ్లు నాలుగూ ఉన్నాయి. జియో 4జీ మన దగ్గర 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లలో, అంటే 5, 3, 40 బ్యాండ్లలో నడుస్తుంది. కొనేముందు ఈ అంకెలు సరిచూసుకోకపోతే సిగ్నల్ ఉన్న ఊళ్లోనూ కార్డు మూగగా కూర్చుంటుంది. రెండోది, 850 మెగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం దాదాపు 35 సెంటీమీటర్లు; వైఫై కోసం చేసిన యాంటెన్నా దానికి పనికిరాదు. అంటే మరో జత యాంటెన్నాలు, మరో జత వైర్లు, వాటికి మరో ప్లాస్టిక్ కిటికీ కావాలి. బోర్డు మీద సిమ్ పెట్టే అర కూడా అసలు టంకం వేసి ఉండాలి. కాలువగట్టు గారి ఫొటోలో ఆ చోటు ఖాళీగా ఉంది. వారి యంత్రానికి ఈ దారి కుదరదు.

బల్లమీదిపని, గవర్నర్‌పేట, విజయవాడ

అయ్యా, ల్యాప్‌టాప్ మరమ్మతులు చేయడం నా వృత్తి కాబట్టి కార్డు సంగతి నేను చెబుతాను.

మీ స్లాట్‌కు ఇంటెల్ డ్యుయల్ బ్యాండ్ వైర్‌లెస్ ఏసీ 7260, అందులోనూ హెచ్ఎండబ్ల్యూ అని పేరు చివర ఉండే సగం సైజు మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ రకం సరిపోతుంది. రెండు యాంటెన్నాలతో 867 మెగాబిట్ల వరకు వైఫై, దానితోపాటు బ్లూటూత్ 4.0 ఉంటాయి, మీ అవసరానికి ఇది ధారాళంగా చాలు. అదే పేరుతో ఎం.2 అనే వేరే ఆకారపు స్లాట్‌కు చేసిన రకం కూడా ఉంది, అది మీ స్లాట్‌లో పట్టదు. సగం సైజు కార్డు పొడవు 26.8 మిల్లీమీటర్లు, పూర్తి సైజుది 50.95 మిల్లీమీటర్లు. మీ బోర్డు మీద స్క్రూ దిమ్మెలు పూర్తి సైజుకే ఉన్నట్టున్నాయి కాబట్టి మధ్యలో బిగించే చిన్న లోహపు బ్రాకెట్ ఒకటి కొనుక్కోండి. కార్డును టేపుతో అణచిపెట్టి వదిలేస్తే మీ బండి కుదుపులకు అది లేచిపోతుంది.

కొత్త కార్డులను పాత స్లాట్‌కు తగ్గట్టు మార్చి అమ్మేవి కూడా ఉన్నాయి. వాటిలో కొన్నింటి మీద యాంటెన్నా కనెక్టర్ ఎంహెచ్ఎఫ్4 అనే మరీ చిన్న రకం ఉంటుంది. 7260 మినీ కార్డు మీద ఉండేది దానికంటే పెద్దదైన యూ.ఎఫ్ఎల్ రకం. ఒకదాని వైరు మరొకదానికి ఎక్కదు. నొక్కితే ఎక్కినట్టే అనిపించి కనెక్టర్ మధ్యనున్న సూది విరుగుతుంది, కార్డు అక్కడితో సరి. కార్డును ఖరారు చేసుకున్న తరువాతే దానికి తగిన వైర్లు కొనండి. యూ.ఎఫ్ఎల్ కనెక్టర్‌ను కూడా 30 సార్లు తగిలించి తీయడానికి మించి రూపొందించలేదు. ఊరికే తీసి పెట్టి చూడడం మంచిది కాదు. తగిలించేటప్పుడు సరిగ్గా పైన నిలిపి వేలిగోటితో నిటారుగా నొక్కాలి, టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. తీసేటప్పుడు వైరు పట్టి లాగకుండా కనెక్టర్ అంచు కింద నుంచి పైకి లేపాలి.

తెర విప్పడం శ్రమతో కూడిన పని కాబట్టి, దానికి ముందే కార్డు ఒక్కటే స్లాట్‌లో పెట్టి యంత్రం దాన్ని గుర్తిస్తోందో లేదో చూసుకోండి. ఛార్జరు, బ్యాటరీ రెండూ తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, చేతికి యాంటీ స్టాటిక్ పట్టీ కట్టుకుని కార్డు పెట్టండి. యాంటెన్నా లేకుండా కాసేపు గుర్తింపు చూసినంత మాత్రాన కార్డుకు నష్టం ఉండదు. కొన్ని కంపెనీల బయాస్‌లో (యంత్రం ఆన్ కాగానే ముందు నడిచే లోపలి ప్రోగ్రాములో) అనుమతించిన కార్డుల పట్టిక ఉంటుంది, అందులో లేని కార్డు కనబడితే యంత్రం బూట్ కాదు. ఆ సంగతి తెరను ముట్టుకోకముందే తేలిపోవాలి.

కార్డు కనిపించి వైఫై మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోతే ముందు యంత్రం పక్కనున్న వైర్‌లెస్ స్విచ్ చూడండి, తరువాత బయాస్‌లో వైర్‌లెస్ అమరిక చూడండి. మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో 20వ పిన్ రేడియోను ఆపడానికి కేటాయించినది. వైర్‌లెస్ లేకుండా చేసిన బోర్డుల్లో దాన్ని శాశ్వతంగా గ్రౌండ్‌కు కలిపి ఉంచి ఉండవచ్చు. అప్పుడు కార్డు మీది ఆ ఒక్క పిన్‌ను సన్నని కాప్టన్ టేపు (వేడికి తట్టుకుని కరెంటును అడ్డుకునే టేపు) ముక్కతో కప్పితే రేడియో మేలుకుంటుంది. పక్క పిన్నులు కప్పుకుపోకుండా భూతద్దం కింద చేయవలసిన పని ఇది.

మీకు బ్లూటూత్ ముఖ్యమన్నారు కాబట్టి ఇంకొక మాట. ఈ కార్డులో వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద, బ్లూటూత్ మాత్రం అదే స్లాట్‌లోని యూఎస్‌బీ లైన్ల మీద, అంటే 36, 38 పిన్నుల మీద నడుస్తాయి. స్లాట్‌కు ఆ లైన్లు బోర్డు నుంచి రాకపోతే వైఫై వస్తుంది గానీ బ్లూటూత్ డివైస్ మేనేజర్‌లో కనిపించదు. మొదటి పరీక్షలోనే రెండూ కనిపిస్తున్నాయని నిర్ధారించుకోండి. డ్రైవర్ల విషయంలో పెద్ద ఇబ్బంది ఉండదు. విండోస్ 10 దీన్ని వెంటనే గుర్తిస్తుంది, లైనక్స్‌లో కెర్నల్‌తోనే డ్రైవర్ వస్తుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మీ ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా లేదు. ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలుపుతున్నారు కాబట్టి ఈ సంగతి కూడా ఆలోచించండి.

చినుకు, మంగళగిరి

నీటి రక్షణ గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసినది ఇక్కడే. వైఫై రాకపోతే మళ్లీ విప్పి చూసుకోవచ్చు. నీరు చొరబడితే యంత్రమే పోతుంది.

ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టెకు కొత్త రంధ్రం వేయకండి. వైరును తెరలోకి తీసుకువెళ్లడానికి డిస్‌ప్లే కేబుల్ వెళ్లే దారే ఉంది. అక్కడ హింజ్ దగ్గర రబ్బరు బిరడా ఉంటుంది, యాంటెన్నా వైర్ల కోసం అందులో ముందే గాడులు చేసి మూసి ఉంచుతారు. ఆ గాడిలో వైరు బిగుతుగా కూర్చుంటే అదనంగా ఏమీ పూయనవసరం లేదు. సందు మిగిలితే సీలెంటు వాడండి, అయితే హార్డ్‌వేర్ దుకాణంలో మామూలుగా ఇచ్చే సిలికాన్ సీలెంటు మాత్రం వద్దు. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి రాగి తీగలను, కనెక్టర్లను తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉన్నదే అడిగి తీసుకుని, పూర్తిగా ఆరిన తరువాతే పెట్టెను మూయండి.

చుట్టూ ఉండే రబ్బరు గ్యాస్కెట్‌ను లాగి తీయకండి. అది ఎక్కడైనా జిగురుతో అంటుకుని ఉంటే ప్లాస్టిక్ పలకతో మెల్లగా విడదీయండి. వాడిన యంత్రం కాబట్టి రబ్బరు గట్టిపడి, నొక్కుకుపోయి ఉండవచ్చు. మూసిన తరువాత పరీక్షించడానికి ఒక తేలిక మార్గం ఉంది. సన్నని కాగితపు పట్టీని గ్యాస్కెట్ మీద ఉంచి పెట్టెను బిగించి, బయట ఉన్న కొసను లాగి చూడండి. పట్టుతో వస్తే అక్కడ ఒత్తిడి ఉన్నట్టు, జారిపోతే లేనట్టు. మూలల దగ్గర, ముఖ్యంగా వైరు దాటే చోట ఈ పరీక్ష తప్పక చేయండి. నీళ్లు పోసి చూడడం మాత్రం వద్దు.

స్క్రూలలో కొన్నింటికి చిన్న రబ్బరు రింగులు ఉంటాయి. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో కాగితం మీద బొమ్మ గీసి, అక్కడే గుచ్చి పెట్టుకోండి. మెగ్నీషియం మరలు తేలికగా అరిగిపోతాయి. అందువల్ల ప్రతి స్క్రూను ముందు వెనక్కి కాస్త తిప్పి, పాత మరలోకి దిగినట్టు తెలిశాక ముందుకు బిగించండి. ఒక వైపు నుంచి వరుసగా బిగించకుండా ఎదురెదురు మూలలుగా, రెండు విడతల్లో బిగిస్తే గ్యాస్కెట్ అన్ని వైపులా సమానంగా నొక్కుకుంటుంది. మరొక మాట, వాన ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు. లోపల చిక్కుకున్న తడి గాలి తరువాత తెర అద్దం వెనుక ఆవిరిగా పడుతుంది.

కాలువగట్టు, గుంటూరు

మీ అందరికీ కృతజ్ఞతలు. బల్లమీదిపని గారు చెప్పినట్టు ముందు కార్డు ఒక్కటే పెట్టి చూశాను. వైఫై, బ్లూటూత్ రెండూ కనిపించాయి, 20వ పిన్ జోలికి వెళ్లవలసిన అవసరం రాలేదు. తెర మూలల్లో ఉన్నవి ప్లాస్టిక్ కిటికీలేనని మల్టీమీటరుతో తేలింది. లోపల యాంటెన్నా ముక్క కూర్చునేంత గుంట, దానికి స్క్రూ రంధ్రం కూడా ఉన్నాయి. రేకు తోక ఉన్న రకాన్నే రెండు మూలల్లో అమర్చి, తోకలను తెర వెనుక లోహానికి ఆనించాను. కాగితపు పట్టీ అన్ని చోట్లా పట్టుతోనే వచ్చింది.

హాట్‌స్పాట్ బాగా అందుతోంది, గట్టు మీద ఫోన్‌ను దూరంగా ఉంచినా కలిసే ఉంటోంది. ఒక్క ఇబ్బంది మిగిలింది. తెరను మామూలుగా నిలబెట్టినప్పుడు అంతా సవ్యంగా ఉంది గానీ, ఎండ పడకుండా బాగా వెనక్కి వాల్చినప్పుడు రిసీవరుతో బ్లూటూత్ తెగిపోతోంది. అప్పుడు కూడా వైఫై తెగడం లేదు. కార్డులోనే లోపం ఉండవచ్చా?

గాలితీగ, విజయవాడ

కార్డును అనుమానించే ముందు వైరును చూడండి. మీ కార్డులో వైఫై రెండు యాంటెన్నాలనూ వాడుకుంటుంది, బ్లూటూత్ మాత్రం ఆ రెంటిలో ఒక్కదాని మీదే నడుస్తుంది. ఒక వైరు హింజ్ దగ్గర లాగుకుంటే వైఫై రెండోదాని మీద నడిచిపోతుంది, బ్లూటూత్‌కు మాత్రం ఆధారం ఉండదు. మీరు చెప్పిన లక్షణం దీనికి సరిగ్గా సరిపోతోంది.

తేల్చుకోవడానికి కార్డు దగ్గర రెండు వైర్ల కొసలను ఒక్కసారి తారుమారు చేసి తగిలించండి. తెర వాల్చినా బ్లూటూత్ నిలిచి ఉండి, వైఫై సిగ్నల్ మాత్రం తగ్గుతూ ఉంటే లోపం వైరుదే. విండోస్ చూపే సిగ్నల్ శాతాన్ని సగం చేసి, అందులోంచి 100 తీసివేస్తే సుమారుగా డీబీఎం (సిగ్నల్ బలానికి కొలమానం) వస్తుంది. 70 శాతం అంటే మైనస్ 65. తెర నిలబెట్టినప్పుడు ఒకసారి, వాల్చినప్పుడు ఒకసారి ఆ అంకె చూసుకోండి. తారుమారు చేసినా బ్లూటూత్ మునుపటిలాగే తెగుతూ ఉంటే అప్పుడు కార్డును గానీ డ్రైవర్‌ను గానీ చూడాలి. ఇంకొక సంగతి, ఫోన్ హాట్‌స్పాట్‌ను 5 గిగాహెర్ట్జ్‌లో పెట్టుకోండి. అప్పుడు 2.4 బ్యాండ్ బ్లూటూత్‌కు ఖాళీగా మిగులుతుంది.

లోపం వైరుదని తేలితే హింజ్ వైపు చట్రం విప్పి, వైరును అంటించిన టేపును తెర వైపు ఒక సెంటీమీటరు జరిపి, మడత దగ్గర చిన్న వంపు వదులుగా ఉండేలా పరచండి. తెరను పూర్తిగా వాల్చి, పూర్తిగా మూసి, రెండు స్థితుల్లోనూ వైరు బిగుసుకోవడం లేదని కంటితో చూసిన తరువాతే స్క్రూలు బిగించండి. చాలావరకు ఆ వైరే సరిపోతుంది; దాని పైపొర నలిగి తెల్లబడి ఉంటే మాత్రం కొత్తది వేయండి.